తలుపంత పలక

ఈ ఆదివారం పొద్దున్నే నారాయణగూడ నుంచి మేనత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ దాబా మీద చీర ఊగుతున్నదా?" అంది. అశోక్‌నగర్‌లోని మా ఇల్లు హుస్సేన్ సాగర్‌కు దగ్గర కాబట్టి నా చీరలే ఆవిడకు వాతావరణ శాఖ. కొంగు కొస మాత్రం కదులుతోందన్నాను. "అయితే పెద్ద తెరచాప పట్కపో" అంది. ఈ మాట వింటూనే నా జుట్టు నెరిసింది.

విండ్ సర్ఫింగ్ అంటే పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను చేతుల్తో పట్టుకుని నీళ్ల మీద సాగడం. మా వీధి ఆడపిల్లలంతా టైపు నేర్చుకుంటుంటే అత్త నన్ను దీనికి తీసుకెళ్లింది. బొద్దుగా, చుడీదార్‌లో, చెరువు మీద దర్జాగా పోయే అత్త సంగతి విని చిక్కడపల్లి చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. నేనేమో అక్కడ నేర్చుకునే మగపిల్లల్లా సన్నని పలక, చిన్న తెరచాప ఎంచుకునేదాన్ని. గాలి పడిపోగానే పలక కాళ్ల కింద మునిగేది. రెండుసార్లు మోటారు బోటు నన్ను తాడు కట్టి లాక్కొచ్చింది. ఆ నీళ్ల వాసన సంగతి చెప్పనక్కర్లేదు, అమ్మ వాకిట్లోనే బకెట్ పెట్టేది. "ఇంకోసారి గుంజుకొస్తే ఇగ బంద్" అని నాన్న తేల్చేశాడు. వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటికి నాకు అంత ఇష్టమైనది ఇంకోటి లేదు.

మరుసటి ఆదివారం నాన్న కూడా గట్టు మీదికొచ్చి చాయ్ పట్టుకుని కూర్చున్నాడు. అత్త షెడ్డు మూలలోంచి ఓ పాత పలక బయటికి తీయించింది. తలుపంత ఉంది. మగపిల్లలు పకపకా నవ్వారు.

"నవ్వనియ్యి. గాలి తక్కువున్ననాడు పలక వెడల్పుండాలె, తెరచాప పెద్దగుండాలె. కింద ఈ రెక్క ఉన్నది, పక్కకు కొట్టుకపోవు. ఊకె గుంజకు, జర ఓపికతోని నిలబడు" అంది అత్త.

చెరువు మధ్యకు వెళ్లేటప్పుడు గాలి బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు గాలి దాదాపు ఆగిపోయింది. మగపిల్లలు నీళ్లలో పడి బోటును కేకేస్తున్నారు. నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. తెరచాపను గుంజాలని చేతులు ఒకటే తహతహలాడాయి, గుంజలేదు. ఆ పెద్ద తెరచాప ఎక్కడెక్కడి గాలినో ఏరుకుంది. పలక నత్తనడకన కదిలింది. బోటు నన్ను దాటుకుని వాళ్ల కోసం వెళ్లిపోయింది. నేను గట్టు చేరేసరికి నాన్న చేతిలో చాయ్ తాగకుండానే చల్లారిపోయి ఉంది. నావైపు చూడకుండా అత్తనడిగాడు. "అక్కా, వచ్చే ఐతారం ఎన్ని గంటలకు?"

అత్త మోకాళ్లు ఇప్పుడు పలక ఎక్కనివ్వవు, ఫోన్‌లోనే ఆవిడ షికారు. నేను ఇవాళా పెద్ద పలకే తీసుకున్నాను. నా బతుకులో గాలి ఎన్నడూ జోరుగా వీచింది లేదు. ఆలస్యంగానైనా నా ఒడ్డుకు నేనే చేరుకున్నాను, ఆ చలవంతా అత్తదే. ఏళ్లకు మాత్రం గాలితో పనే లేదు, చూస్తుండగానే ఎంత దూరం వెళ్లిపోయాయో!