వెనక భాగం లేని జాకెట్టు

దెయ్యాలంటే నాకు భయమూ లేదు, ఆసక్తీ లేదు. గిద్దలూరులో చాలా ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను. పోయినవాళ్లు మనకు గుర్తుకొస్తారు, అంతకుమించి ఏమీ చేయలేరని నా నమ్మకం. మా అక్క పోయిన తరువాత జరిగిన ఈ సంగతిని ఆ నమ్మకంలో ఎక్కడ ఇమడ్చాలో తెలియక రాస్తున్నాను.

అక్క పేరు సుగుణ. మార్కాపురంలో ఇంటి ముందుగదిలోనే మిషను పెట్టుకుని ఆడవాళ్ల బట్టలు కుట్టేది. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. మా నాయన దొనకొండలో రైల్వే గ్యాంగ్‌మన్. ఊరు విడిచి పోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఆయనకు ఒక ఇనప ట్రంకుపెట్టె ఇచ్చింది. దాని మూత లోపల పాత ఇంగ్లీషు ఫ్యాషన్ పత్రిక కాగితం ఒకటి అతికించి ఉంది. యాభైల నాటిది కావచ్చు.

దాని మీద ఉన్నది ఫోటో కాదు, కుంచెతో వేసిన బొమ్మ. నలుపు, బూడిద రంగు, అంతే. నిలబడి ఉన్న ఒక దొరసాని. చేతులకు తొడుగులు, పిడికెడు నడుము, మెడ దాకా మూసిన జాకెట్టు. ముఖం రెండు గీతల్లో తేల్చేశారు గానీ బట్ట మడతలు ఒక్కటీ వదల్లేదు.

"ఈమె అన్నం తినదా ఏంది" అని అక్క నవ్వేది. నవ్వుతూనే ఆ మెడ, ఆ చేతులు చూసి కత్తిరించడం నేర్చుకుంది. ఒకప్పుడు మార్కాపురంలో టీచర్లు, నర్సులు చాలామంది ఆ తీరు జాకెట్లే తొడుక్కున్నారు.

అయితే అందరికీ ముందువైపే హుక్కులు పెట్టేది. బొమ్మలో ముందు హుక్కుల్లేవు. అంటే అది వెనక తెరుచుకోవాలి. ఎలా తెరుచుకుంటుందో బొమ్మలో కనపడదు. ఆ జాకెట్టును ఉన్నదున్నట్టు తన కూతురు ఎస్తేరు పెళ్లికి మాత్రమే కుడతానని అక్క అనేది.

పెళ్లి కుదిరింది. అక్క తెల్ల పట్టుగుడ్డ తెచ్చి ముందు భాగం, చేతులు కుట్టింది. అంతలో కామెర్లు వచ్చి ఒంగోలు ఆసుపత్రిలో చేరింది. తిరిగి రాలేదు. వెనక భాగం ఎలా అనుకుందో ఎవరికీ చెప్పలేదు.

వాయిదా వేసిన పెళ్లికి మళ్లీ రోజు పెట్టుకున్నారు. కొత్తది కుట్టిస్తామని ఎందరు చెప్పినా ఎస్తేరు వినలేదు. పెళ్లినాడు అమ్మ చేసిన పని ఒంటి మీద ఉండాలంది.

నేనూ ఎస్తేరూ దాన్ని మార్కాపురంలోనే ఖాదర్ భాయ్ అనే పాత దర్జీ దగ్గరికి తీసుకెళ్లాం. మిట్టమధ్యాహ్నం. ఆయన బల్ల మీద పరిచి కొలిచి, మళ్లీ కొలిచాడు.

"టీచరమ్మా, మీ అక్క కుడి భుజం రెండు వేళ్లంత ఎక్కువ వదిలింది. ఒంట్లో బాగలేనప్పుడు కత్తిరించినట్టుండాది. సమం చేసేస్తా" అని కత్తెర తీశాడు.

"కొయ్యొద్దు భాయ్" అన్నాను. "అది తప్పు కాదు. కుడి ముక్క వీపు మీద ఏటవాలుగా ఎడమ నడుం దాకా పోతాది. ఎడమది దాని కింద ఉంటాది. నడుం కాడ ఒకటే గుండీ."

గొంతు నాదే. చలి వేయలేదు, కళ్లు తిరగలేదు. ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే చెప్పినట్టు చెప్పాను. ఊడిన గుండీ కూడా అక్క చేతనే కుట్టించుకున్న మనిషిని నేను. అలాంటి జాకెట్టు అంతకుముందు ఎక్కడా చూడలేదు.

భాయ్ సుద్దతో గీత గీశాడు. ఎక్కువైందన్న భుజం ఆ గీతకు సరిగ్గా సరిపోయింది. "ముందే చెప్పకూడదా తల్లీ" అన్నాడు.

ఎస్తేరు ఆ జాకెట్టుతోనే చర్చిలో నిలబడింది.

పెళ్లయ్యాక ఆ బొమ్మకు అద్దం కట్టించుకుని అత్తగారింటికి తీసుకుపోతానంది. తడిగుడ్డతో నానబెట్టి ఇద్దరం పెట్టె మూత నుంచి మెల్లగా ఊడదీశాం. కాగితం వెనక కూడా బొమ్మ ఉంది. అదే మనిషి, అవతలికి తిరిగి నిలబడి ఉంది. వీపు మీద ఏటవాలుగా ఒక ముక్క. ఎడమ నడుం దగ్గర ఒక గుండీ.

ఆ కాగితం అంతకుముందు ఏ మూలా లేచి లేదు. ఇనుము తుప్పు దానికి పట్టేసింది. పెట్టె మా ఇంటికి వచ్చేటప్పటికే అది అతికించి ఉందని నాయన చెప్పేవాడు. అక్క పని తెలిసిన మనిషి, ముందు చూసి వెనక ఊహించి ఉండొచ్చు. నాకు ఆ పని తెలియదు.

ఎస్తేరు ఆ తడి కాగితాన్ని తువ్వాలు మీద ఆరబెట్టింది.

"ఆ పొద్దు భాయ్ అంగట్లో అమ్మ నీతో మాట్లాడిందా చిన్నమ్మా?"

"తెలీదమ్మా. గొంతేమీ వినపడలేదు."

"నా గురించి ఏమన్నా చెప్పిందా?"

లేదన్నాను. నాకు తెలిసింది ఆ గుండీ సంగతొక్కటే అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో.

ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "అమ్మ అంతే. చేతిలో పని ఉంటే ఇంకేం మాట్లాడదు" అంది.