తప్పు ముఖం

మా అత్తయ్యకు ప్రతిదాని మీదా అనుమానమే. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటుంది. నవ్వకపోతే, కలిపింది చాలక పొగరు కూడానా అంటుంది. గ్యాస్ బండ వస్తే రెండు చేతులతో ఎత్తి బరువు చూడనిదే గడప దాటనివ్వదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటావిడ నా వంట మెచ్చుకుంటే, ఆవిడ అటు వెళ్ళగానే "ఏం కావాలిట తనకి?" అని నన్నే అడిగింది.

మేమిద్దరం ఒకే కుట్టు యూనిట్లో పనిచేస్తాం. బడిపిల్లల యూనిఫాం చొక్కాలు కుట్టే చోటు అది. ఆవిడ కాలర్లు, నేను కాజాలు. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. చేసే పనే పేరు. అత్తయ్య కాలర్ పిన్ని, నా ఎదురు బల్ల మీద కఫ్‌లక్క, ట్యూబులైటు కింద గుండీల వదిన. నన్ను ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా కాజాల పిల్ల అనే అంటారు. చొక్కా మొత్తం ఒక్కరే కుట్టడమన్నది మా దగ్గర లేదు. గుడ్డ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోతూ పోతూ చివరికి చొక్కా అవుతుంది. నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చొక్కా కుట్టమంటే దానికి అన్నీ కాజాలే ఉంటాయి.

కాలర్ మిషను కిటికీ పక్కన ఉంటుంది. ఆ కుర్చీ అత్తయ్యకు ఊరికే రాలేదు. దారాలు కత్తిరించే బల్ల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసింది. అక్కడ కుర్చీలుండవు. తర్వాత చేతులు కుట్టింది, ఆ తర్వాత జేబులు. మామయ్య పోయిన ఏడాది కాలర్ మిషను దొరికింది. ఇంట్లో నడుం వంచి కూర్చునే మనిషి, ఆ మిషను ముందు మాత్రం పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటుంది. ఇలా అన్నానని తెలిస్తే నన్ను బతకనివ్వదు.

ఒకరోజు పొద్దున్నే సూపర్‌వైజరు మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పాడు.

"దేశమంతా డిజిటల్ నైపుణ్యాల పథకం పెట్టారమ్మా. పనిచేసే ప్రతి ఒక్కరూ కోర్సు చేసి పాసవ్వాలి. సీజను మొదలయ్యేలోగా పాసవ్వకపోతే మిషను సీటు నా చేతిలో ఉండదు. దారాల బల్లకి పంపించాల్సిందే."

అత్తయ్య నా చెవిలో, "నేర్పిస్తారా, నేర్పించామని రాసుకుంటారా, అది కనుక్కో" అంది.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. నా పెళ్ళికి చాలా ముందు పెద్దలకు చదువు చెప్పే పథకమొకటి వచ్చిందట. సాయంకాలం లాంతరు పెట్టుకుని పలక మీద దిద్దించేవాళ్ళు. అత్తయ్య అక్షరాలు పట్టుకుంది, గుణింతాలు పట్టుకుంది, ఒత్తుల దాకా వచ్చింది. అంతలో ఎవరో వచ్చి అందరిచేతా సంతకాలు పెట్టించి, ఆ వీధి మొత్తానికి చదువు వచ్చేసిందని గోడకు బోర్డు కొట్టారు. మర్నాడు పలక పట్టుకుని వెళితే తాళం. మిగతాది ఎప్పుడు చెబుతారని అడిగితే, "నీకు చదువొచ్చుగా తల్లీ, బోర్డు చూడలేదా" అన్నారట. ఆ బోర్డు మీద సగం మాటల్లో ఒత్తులున్నాయి, ఆవిడకు చదవడం రాలేదు. ఇప్పటికీ పేపరు చదువుతూ ఒత్తున్న చోటల్లా ఆగి నా వైపు చూస్తుంది. అప్పుడు నాకు జాలీ వేస్తుంది, ఆ బోర్డు కొట్టినవాళ్ళ మీద ఒళ్ళూ మండుతుంది.

కోర్సు చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. సంచీ నిండా ట్యాబులు తెచ్చింది కాబట్టి మాకు ట్యాబమ్మాయి అయింది. మంచిదే పాపం, కానీ నిలబడితే కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఉండేది. ఎన్నో యూనిట్లు అప్పజెప్పారట. ఎలా తెరవాలో ఒకసారి చూపించి, పాఠాలు విని ప్రశ్నలకు జవాబులు పెట్టమని చెప్పి, వారానికోసారి వచ్చి అన్నీ పచ్చరంగులోకి మారాయో లేదో చూసుకుని పోయేది.

మేం ఏం చేశామంటే, అందరం కూర్చుని ఆలోచించి చేసింది కూడా కాదు, చేతులకు అలవాటైన పద్ధతిలో చేసేశాం. కోర్సును కూడా చొక్కాలా పంచుకున్నాం. ఒక్కొక్కరి నంబరు కొట్టి తెరవడం కఫ్‌లక్క పని. పాఠాలు నడిపించడం నా పని. కాజాలు కొడుతూ పక్కన పెట్టుకుంటే అవే నడిచేవి. జవాబులు అత్తయ్యవి. చివర్లో ఫోటో ఉంటుంది. ముఖాన్ని గుండ్రటి గీతలో పెట్టి, రెప్ప వేయమన్నప్పుడు వేయాలి. అది గుండీల వదినకు భలే కుదిరింది. ట్యూబులైటు కింద కూర్చుంటుంది కదా, ముఖం తెల్లగా పడేది. ట్యాబు ఆవిడ ముందుకు పోతే చాలు, రెప్ప టపీమని వేసి ఇచ్చేసేది. తయారైన ట్యాబు పక్కన పెట్టి ఇంకోటి.

జవాబుల పని అత్తయ్యకే ఎందుకు ఇచ్చామంటే, అందులో సగం మోసాల గురించే. బ్యాంకు నుంచి అని ఫోను చేసి నంబరు అడిగితే ఏం చేస్తారు? చెప్పను. బహుమతి వచ్చిందంటే? నమ్మను. నేను చదివి వినిపించడం పూర్తి కాకముందే ఆవిడ వేలు 'కాదు' మీద ఉండేది. "అడిగేవాడిదే మోసం" అని ట్యాబుని తిట్టేది కూడా. అది మమ్మల్ని చూస్తోందని, తన బల్ల మీదికొచ్చిన ప్రతి ట్యాబు కెమెరా మీదా కాలర్ లోపల పెట్టే కాన్వాసు ముక్క అంటించేది. గుండీల వదిన తిట్టుకుంటూ అది పీకి ఫోటో దిగేది.

అందరం పాసయ్యాం. గేటు మీద బోర్డు పెట్టారు: 'సంపూర్ణ డిజిటల్ నైపుణ్య యూనిట్'. అత్తయ్య దాని కింద నిలబడి, మొదటి మాటలో ఆగి, నా వైపు చూసింది. నేను చదివి చెప్పాను.

"మళ్ళీ బోర్డు కొట్టారా" అంది.

ఆవిడ అనుమానం ఈసారి ఊరికే పోలేదు. ట్యాబమ్మాయి రావడం మానేసింది. సీజను మొదలైన రోజు గేటు దగ్గర కొత్తగా ఒక ట్యాబు బిగించారు. ఇకమీదట హాజరు పుస్తకం లేదట, ఎవరి నంబరు కొట్టి వాళ్ళు ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుందట. మొదట కఫ్‌లక్క వెళ్ళింది. 'ముఖం సరిపోలలేదు' అని వచ్చింది. నేను వెళ్ళాను. నాదీ సరిపోలలేదు. అత్తయ్యదీ అంతే. గుండీల వదిన ముఖం పెట్టగానే గేటు తెరుచుకుంది. అప్పుడు మాకు తెలిసింది, కోర్సు చివర్లో దిగిన ఫోటోలే ఇందులో పెట్టారని. దేశం దృష్టిలో మేమందరం గుండీల వదినలమే.

నవ్వలేక చచ్చాం. సూపర్‌వైజరు కూడా అటు తిరిగి నవ్వుకున్నాడు. ఆ తర్వాత ఆయన అసలు ఇటు తిరగలేదు. రోజూ పొద్దున్న గుండీల వదిన గేటు దగ్గర నిలబడి మా అందరికీ రెప్పలు వేసేది, ఆయన ఫోను చూసుకుంటూ ఉండేవాడు.

అత్తయ్యకు మాత్రం నిద్ర పట్టేది కాదు. "నా కుర్చీ ఆవిడ రెప్పల్లో పెట్టాం అమ్మాయ్. రేపు ఆవిడకి నా మీద కోపమొస్తే?" అనేది. వదినకు అసలు కోపమే రాదని నేనంటే, "రాని వాళ్ళకే ఒక్కసారిగా వస్తుంది" అనేది. గుండీలు సరిగ్గా లేవని ఎప్పుడూ సాధించే మనిషి, వదిన కుర్చీకి మెత్త కుట్టి ఇచ్చింది. వదిన ఆ మెత్తను అటూ ఇటూ తిప్పి, "ఏం కావాలిట పిన్నికి?" అని నన్నడిగింది.

వదినకు కోపం రాలేదు. కూతురికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రి వేరే ఊళ్ళో ఉంది, రాత్రికి రాత్రే బయల్దేరింది. పొద్దున్న మేమంతా గేటు బయట నిలబడ్డాం. హాజరు పడకపోతే ఆ రోజు సీటు ఖాళీ కింద లెక్క, బయట పని కోసం కాచుకున్న కొత్తవాళ్ళను కూర్చోబెడతారు. అత్తయ్య కిటికీలోంచి తన మిషను వైపే చూస్తోంది.

"ట్యాబమ్మాయికి ఫోన్ చెయ్యి" అంది నాతో.

చేశాను. ఆ అమ్మాయి విని, "అయ్యో ఆంటీ, నేర్చుకోని వాళ్ళున్న యూనిట్‌కే నన్ను పంపుతారు. మీ దగ్గర ఎవ్వరూ లేరుగా, అంతా పూర్తయినట్టుంది" అంది. సూపర్‌వైజరు గారు రాసిస్తే తప్ప ఏమీ చేయలేనంది. చివర్లో, "ఊరికే ముఖాలు పెట్టి చూడకండి. తప్పు ముఖం మళ్ళీ మళ్ళీ పెడితే లాక్ పడి, కోర్సు మొదటికొస్తుంది. జాగ్రత్త" అంది.

అత్తయ్య సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళింది. "మాకు రాదని రాసివ్వండి సారూ."

"ఎలా రాస్తానమ్మా? బోర్డు పీకేస్తారు. పైవాళ్ళు నన్ను నిలదీస్తారు" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "వదినకి వీడియో కాల్ చెయ్యండి. ఫోను ట్యాబుకి చూపిస్తే పనైపోతుంది" అన్నాడు.

అంటే, అంతా తెలిసి కూడా రాసివ్వడన్నమాట. నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

కఫ్‌లక్క కాల్ చేసింది. ఆసుపత్రి వరండాలోంచి వదిన ముఖం వచ్చింది. జుట్టు చెదిరిపోయి, కళ్ళు వాచి ఉన్నాయి. "ఇంకా కాన్పు కాలేదే, త్వరగా కానివ్వండి" అంటూ అక్కడి నుంచే రెప్పలు వేసింది. కఫ్‌లక్క లోపలికి పోయింది. వెనకే జేబులావిడ. నేనూ వెళ్ళాను, పిల్లల ఫీజులు గుర్తొచ్చి. లోపలికి పోయి వెనక్కి తిరిగి చూస్తే, అత్తయ్య చేతిలో ఫోను ఉంది గానీ ట్యాబుకి చూపించడం లేదు. ఫోనులో వదినతో మాట్లాడుతోంది.

"నువ్వు బిడ్డ దగ్గరికి పో. నా రెప్పలు నేను వేసుకుంటాను."

ఫోను పెట్టేసి, నంబరు కొట్టి, తన ముఖం పెట్టింది. 'ముఖం సరిపోలలేదు.' మళ్ళీ పెట్టింది. సరిపోలలేదు. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"అమ్మా, లాక్ పడుతుంది! నూటికి నూరు శాతమని పంపించాం, మీ ఒక్కరి వల్ల అంతా పోతుంది. సీటు కూడా ఉండదు మరి, ఆలోచించుకోండి!"

"ఆలోచించే పెడుతున్నా" అంది అత్తయ్య, మళ్ళీ ముఖం పెడుతూ.

జీవితమంతా ఎవరినీ నమ్మని మనిషి, అందరి ముందూ నిలబడి తన ముఖం తనది కాదనిపించుకుంటూనే ఉంది. చివరికి ట్యాబు ఎర్రగా మారి, ఆ తర్వాత తెల్లగా అయింది. మొదటి రోజు కఫ్‌లక్క మా అందరి తరపునా ఒక్క వేటున దాటేసిన ప్రశ్న తెర మీదికొచ్చింది. అత్తయ్య దాన్ని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. 'ఈ పరికరం వాడటం మీకు తెలుసా?' కింద రెండు గడులు: తెలుసు, తెలియదు.

'తెలియదు' నొక్కింది.

ఆ రోజు కాలర్ మిషను మీద కొత్తావిడ కూర్చుంది. అత్తయ్య దారాల బల్ల దగ్గర నిలబడింది. నూరు శాతం పోయింది కాబట్టి గేటు మీది బోర్డు దించారు, ట్యాబమ్మాయిని మళ్ళీ పంపారు. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ గబగబా తనే నొక్కబోతే, అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు ముట్టుకోకమ్మా. పక్కన నిలబడి నేను తప్పు చేస్తే చెప్పు." పాఠాలు విన్నది. జవాబులు పెట్టింది. ఒత్తున్న చోట ఆగి, ఎవరి వైపూ చూడకుండా, వచ్చేదాకా అక్కడే ఉంది. చివరికి ఫోటో దగ్గర కెమెరా మీది కాన్వాసు ముక్క తనే పీకింది.

"ఇదెక్కడికి పోతుందమ్మా?" అని అడిగింది.

"నిజం చెప్పాలంటే నాకూ తెలీదాంటీ" అంది ఆ అమ్మాయి.

"నిజమే చెప్పావు" అని రెప్ప వేసింది.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర తన నంబరు కొట్టి, తన ముఖం పెట్టింది. గేటు తెరుచుకుంది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆవిడ లోపలికి పోకుండా గేటు మూసేసి, మళ్ళీ తన నంబరు కొట్టి, "అమ్మాయ్, నువ్వు పెట్టు ముఖం" అంది.

"నేనెందుకు అత్తయ్యా?"

"పెట్టమంటే పెట్టు."

పెట్టాను. ముఖం సరిపోలలేదంది. పక్కనే గుండీల వదిన ఉంది, మనవరాలి కబుర్లు చెప్పాలని తెల్లారేసరికి వచ్చేసింది. అత్తయ్య ఆవిడనూ పిలిచి పెట్టించింది. సరిపోలలేదు. అప్పుడు తన ముఖం ఇంకోసారి పెట్టి, తెరుచుకున్నాక లోపలికి నడిచి, తిన్నగా కిటికీ పక్కకు వెళ్ళి, కాలర్ మిషను మీద కూర్చున్న కొత్తావిడ లేచేదాకా పక్కనే నిలబడింది.