మడతలో పోయిన ముప్పై అయిదు కిలోమీటర్లు

“ఒక్క కిలోమీటర్ గూడ తప్పిపోదు సార్. తప్పితే నన్ను నిలబెట్టి అడుగుండ్రి!”

ఈ మాట ఇచ్చింది ఎవరో కాదు, నేనే. మొన్న శనివారం ఒక్క దెబ్బకు ముప్పై అయిదు కిలోమీటర్లు పోగొట్టాను. ఎట్లాగో వినండి!

జగిత్యాలలో నేను చదివిన సర్కారు బడి వరండాలో భూమి లోపలి బొమ్మ ఒకటుంది. పుచ్చకాయ కోసినట్టు ఉంటుంది. మనం నిలబడే పైపొర అరచేయంత మందం! నట్టనడుమ ఎర్రటి లావా! అక్కడున్నది గట్టి ఇనుప ముద్ద అని తేలి ఎన్నేళ్లయింది? కింద స్కేలు లేదు, ఆధారం లేదు. దాత పేరు మాత్రం జానెడెత్తు అక్షరాల్లో ఉంది. పిల్లలకు అబద్ధం నేర్పడం కన్నా పెద్ద దోపిడీ ఉందా? నేరుగా పెద్దసారు గదిలోకి పోయి, “తప్పుడు బొమ్మ నశించాలి!” అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “తమ్మీ, గంత కోపమొద్దు. నువ్వే సరైంది పట్టుకరా. సైన్స్ ప్రదర్శన నాడు అందరి ముందట గిది దించి నీది పెడత.”

అప్పుడే ఇచ్చాను ఆ మాట!

ఇక ఆగుతానా? భూకంప తరంగాల మీద దొరికిన పుస్తకాలన్నీ దులిపాను. ప్రతి పొరకూ లోతు, ప్రతి లోతుకూ ఆధారం. కాగితం చాలలేదు. అప్పుడు వెలిగింది: సిరిసిల్లలో మా మేనమామకు సాంచాలున్నాయి, అదే, పవర్‌లూమ్‌లు. గుండ్రంగానే ఎందుకుండాలి? భూమి నడిబొడ్డు నుంచి పైదాకా ఒకటే పొడుగు బట్ట! కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు. ఒక్కో పొరకు ఒక్కో రంగు నూలు.

“అల్లుడా, గిది చీరనా, జెండానా?” అన్నాడు మామ.

“భూగోళం మామా! కొసకు గీ ఆకుపచ్చ పట్టీ ఉన్నది సూడు, ముప్పై అయిదు మిల్లీమీటర్లు, రెండు వేళ్ల వెడల్పు, గదే మనమున్న పైపొర. మన బడి, నీ సాంచాలు, అన్ని దాని మీదనే. మన బోర్లల్ల ఒక్కటి గూడ పోగంత లోతు దిగలే!”

“గింత దానికి గంత లొల్లా?”

బట్ట తీసుకుని కోరుట్లలో అక్క ఇంటికి పోయాను. అక్క జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. ఇనుము ఉన్న కొసకు, పుస్తకాల పేర్లు రాసిన ఆధారాల పట్టీ కుట్టమని ఇచ్చి, ఉపన్యాసం రాసుకుంటూ కూర్చున్నాను.

“తమ్మీ, ఇటు కొసకు దారాలు ఊడుతున్నయిరా. మడిచి కుట్టాల్నా?”

“కుట్టెయ్ అక్కా, నీట్‌గ!” అన్నాను, తల ఎత్తకుండానే. అప్పుడు నేను ‘రాజీ లేని కొలత’ అనే వాక్యం దగ్గరున్నాను మరి!

శనివారం వరండా పొడుగునా బట్ట కట్టాం. బడి నిండా పిల్లలు. మైకు పట్టుకుని దాని వెంబడి నడిచాను. “గట్టి ఇనుము!” చప్పట్లు. “కరిగిన ఇనుము!” చప్పట్లు. “వేడి రాయి! ఇగ చూడండి, మన సరిహద్దులు, మన యుద్ధాలు, మన కులాలు, అన్నీ ఈ సన్నటి పట్టీ మీదనే!” అని చెయ్యి చాపాను.

పట్టీ లేదు.

నారింజ రంగు రాయి, ఆ తర్వాత చక్కటి కుట్టు, ఆ తర్వాత గాలి. అటు కొసన ఆధారాలన్నీ భద్రంగా ఉన్నాయి, ఇటు నేలే లేదు!

ముందు వరుసలో ఒక పిల్ల లేచింది. “సార్, మరి మనం ఏడున్నం?”

బట్ట తిప్పి చూశాను. “మడతల ఉన్నమమ్మా,” అన్నాను. బడి మొత్తం గొల్లున నవ్వింది.

పెద్దసారు నా భుజం మీద చెయ్యేశాడు. “తమ్మీ, పాత బొమ్మల పొర మందమైతే అయింది గని, ఉన్నది గదా. నీ దాంట్ల మొత్తానికే లేకపాయె.” పాతది దించలేదు.

ఫోన్లో అక్క మీద అరిచాను. ఆమె నా కన్నా గట్టిగా అరిచింది. “నువ్వే కుట్టమంటివి గదరా! అయినా గంత ముఖ్యమైంది కొసకు ఎవడు పెట్టమన్నడు?”

భూమే అట్లా పెట్టుకుంది!

ఆదివారం కుట్టు విప్పాను. ఆకుపచ్చ బయటికొచ్చింది, దాంతో దారాలూ వస్తున్నాయి. ముట్టుకుంటే చాలు, అర కిలోమీటరు నేల చేతిలోకి ఊడి వస్తోంది. కాబట్టి పెద్దసారూ, ఇది నా బహిరంగ డిమాండ్: ఆ తప్పుడు బొమ్మ దించుతారా, లేదా? మనం నిలబడ్డానికి చోటు మిగిలుండగానే జవాబు చెప్పండి. గడువు, ఈ నెల ఇరవై ఎనిమిదో తారీఖు!