తాడు మీది తువ్వాలు

సునామీ తర్వాత పోర్ట్‌బ్లెయిర్ శిబిరంలో మేమంతా దీదీ అని పిలిచే ఒకావిడది మా పక్క గుడారం. వానలకు మగవాళ్లందరికీ గజ్జల్లో తామర పట్టింది. చెడ్డీలు నలుగురికీ కనబడకూడదని తువ్వాళ్ల కింద ఆరేసేవాళ్లం. అవి ఎప్పటికీ ఆరేవి కావు.

దీదీ వచ్చి ఆ తువ్వాళ్లు లాగి పడేసేది.

"ఇల్లే పోయింది, ఇంకేం దాస్తారు భయ్యా? ధూప్‌లో, ఎండలో ఆరనీండి. ఒళ్లు పొడిగా తుడుచుకున్నాకే మలాం రాయండి. మచ్చ పోయినా కొన్నాళ్లు మానకండి."

మాకు తగ్గింది.

ఆమెకు ఊళ్లోనే డిగ్నాబాద్‌లో అద్దె ఇల్లు దొరికాక చూడటానికి వెళ్లాను. కుదురుగా కూర్చోలేక ఇబ్బందిగా కదులుతోంది. పెరట్లో తాడు మీద పెద్ద తువ్వాలు పరిచి ఉంది. దాని కింద దాచిన బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి.

వచ్చేటప్పుడు ఆ తువ్వాలు లాగి పక్కన వేసి, వెనక్కి చూడకుండా గేటు దాటాను.