చప్పట్లు మరిచిపోయినవాళ్ళం

సాయంత్రం తెనాలిలో రేపల్లె ప్యాసింజరు కదిలిందంటే నాకు సగం నిద్ర, సగం మెలకువ. వేమూరు దాటాక రెండువైపులా వరిచేలు, వాటి మీద మంచో పొయ్యిల పొగో తెలియని ఒక తెల్లదనం, కింద పెట్టె ఊగుడు. ఆ ఊగుడులో చెప్పుకున్న మాటలు ఇప్పుడు తలుచుకుంటే ఎవరు ముందన్నారో, ఎవరు తరవాతన్నారో అన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. పాటలు మాత్రం విడివిడిగా గుర్తున్నాయి.

క్యాసెట్లు పోయి ఎంపీత్రీ సీడీలు వచ్చిన రోజులవి. నేను తెనాలిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ రేపల్లె నుంచి రోజూ తిరిగేదాన్ని. మా పెట్టెలో పాటల పిచ్చివాళ్ళం నలుగురం. బ్యాంకులో చేసే బాబాయిగారికి అవార్డులంటే భక్తి. పాటకి అవార్డు రాలేదంటే అందులో ఎక్కడో లోపం ఉండే ఉంటుందనేవారు. ఆస్పత్రిలో నర్సుగా చేసే అక్క దానికి పూర్తిగా ఎదురు. "అందరూ మెచ్చేసుకున్నాక ఇంక మనమెందుకండీ మెచ్చుకోడం?" అని మొహం తిప్పేసేది. నాకేమో కోపం ముక్కు మీదుండేది. నాకు నచ్చిన పాటని ఎవరైనా ఒక మాటంటే మా ఇంటి మనిషిని అన్నట్టే లెక్క. భట్టిప్రోలు వచ్చేదాకా మాట్లాడేదాన్ని కాదు.

నాలుగో మనిషి మాస్టారు. పగలు తెనాలిలో టైలరు షాపు, ముహూర్తాలున్నప్పుడు రేపల్లెలో సొంత బ్యాండు మేళం. తమ్ముడు డ్రమ్ము కొడితే ఈయన క్లారినెట్ వాయించేవారు. రంజాన్ నెలలో ఆయన ఉపవాసం ఉంటారని మేం మరమరాల పొట్లం విప్పకుండా దాచుకుంటే, "తినండమ్మా, మీ ఆకలి నా ఖాతాలో పడుతుంది" అని నవ్వేవారు.

శనివారం శనివారం మేమే అవార్డులిచ్చేవాళ్ళం. ఎవరూ పట్టించుకోని పాటొకటి తెచ్చి పాడాలి. ఎవరి పాట మిగతా ముగ్గురి నోళ్ళూ మూయిస్తే వాళ్ళకి రేపల్లె దాకా కిటికీ సీటు. బాబాయిగారు ఎప్పుడూ అవార్డొచ్చిన పాటే తెచ్చి, ఎప్పుడూ ఓడిపోయి, గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవారు. పాటలయ్యాక మేళాల మీద పడేవాళ్ళం. తెనాలిలో ఒక పెద్ద మేళం ఉండేది. ఎర్రకోట్లు, జరీ అంచులు, నడిరోడ్డు మీద వెల్లకిలా పడుకుని ట్రంపెట్ ఊదే మనిషి. ఊళ్ళో గొప్ప పెళ్ళంటే వాళ్ళే. మా మాస్టారి మేళాన్ని పొన్నూరు దాటితే ఎరిగినవాళ్ళు లేరు. ఆ మాట ఎప్పుడొచ్చినా నాకు ఒళ్ళు మండేది. ఆయనకి మండేది కాదు. కాజాలు కుట్టిన చేతిని కిటికీ చువ్వకి ఆనించి ఏదో కూనిరాగం తీసేవారు.

ఆ కూనిరాగం ఎప్పుడూ ఒకటే పాట. వారం కూడా ఆడని ఏదో సినిమాలోదట. అవార్డు సంగతి అటుంచి, దాని క్యాసెట్టు కూడా మాకెవరికీ దొరకలేదు. కట్టు విప్పేసిన పడవని కాలవ మీద వదిలేస్తే ఎలా పోతుందో అలా పోతుంది ఆ పాట. రెండో చరణం ముందు ఒక దిగుడుంటుంది, అక్కడికొచ్చేసరికి అవార్డుల బాబాయిగారు కూడా కళ్ళు మూసుకునేవారు.

"పెళ్ళిళ్ళలో ఇది వాయించొచ్చుగా మాస్టారూ?" అని అక్క ఒకసారి అడిగింది.

"ఎవరు వింటారమ్మా? పెళ్ళికొడుకు స్నేహితులు డాన్సు ఆగిపోయిందని మీదకొస్తారు. ఊరేగింపులో మనం వాయిస్తుంటే జనం అరుస్తుండాలి, ఈలలెయ్యాలి. గోల లేదంటే మేళం బాలేదనే అర్థం."

అంతలో డీజే బాక్సులొచ్చాయి. ఒక ట్రాక్టరు, దాని మీద నాలుగు నల్లపెట్టెలు. తిండి అడగవు, అలిసిపోవు. మాస్టారి మేళానికి పిలుపులు తగ్గాయి. డ్రమ్ములు అమ్మేద్దామని తమ్ముడి గొడవ. అప్పుడే బాపట్లలో వినాయక నిమజ్జనం రోజున ఒక కాలనీవాళ్ళు మేళాల పోటీ పెట్టి షీల్డు ఇస్తున్నారని తెలిసింది. మాస్టారు తమ్ముడికి మాటిచ్చేశారు. షీల్డొస్తే దాన్ని షాపులో పెట్టుకుని ఇంకో రెండు సీజన్లు మేళం నడుపుతారు. రాకపోతే డ్రమ్ములు తమ్ముడిష్టం, ఈయనకి కుట్టుమిషనే గతి. ఆ మాట మాతో చెప్పినప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నారు కానీ కూనిరాగం తియ్యలేదు.

పోటీకి జడ్జీలు లేరు. ఎవరి వాయింపుకి జనం ఎక్కువ గోల చేస్తే వాళ్ళదే షీల్డు. అది వినగానే మాకు ప్రాణం లేచొచ్చింది. గోల చెయ్యడం మన చేతిలో పనే కదా! శనివారమంతా పనులు పంచుకున్నాం. బాబాయిగారు కుర్రతనంలో నేలటిక్కెట్టులో నేర్చిన రెండువేళ్ళ ఈల వెయ్యాలి. అక్క స్టీలు పళ్ళెం, గరిటె తెస్తుంది. "నీకు మాత్రం ప్రత్యేకంగా ఏం చెప్పక్కర్లేదమ్మా, నువ్వు మామూలుగా మాట్లాడితే చాలు" అన్నారు బాబాయిగారు నాతో.

ఆ మధ్యాహ్నం బాపట్లలో సముద్రపు గాలి మెత్తగా వీస్తోంది. వీధి చివర పందిరి, రంగుకాగితాలు, ముందు వరసలో మేం ముగ్గురం. తెనాలి ఎర్రకోట్లవాళ్ళు ముందు వాయించారు. ట్రంపెటాయన పడుకున్నాడు, లేచాడు, మోకాళ్ళ మీద నడిచాడు. జనం గోలకి పందిరి ఎగిరిపోయింది. బాబాయిగారు నా చెవిలో, "మనవాళ్ళు తీన్‌మార్ మొదలెట్టగానే చూడు నా ఈల" అన్నారు.

మాస్టారు వచ్చి నిలబడ్డారు. తమ్ముడు డ్రమ్ము మీద పుల్లలెత్తాడు. మాస్టారు పందిరి నిండా ఉన్న జనాన్ని చూసి, తరవాత మమ్మల్ని చూశారు. ఏమనుకున్నారో ఏమో, తమ్ముణ్ణి ఆగమని సైగ చేసి క్లారినెట్ ఎత్తారు.

మా పాట. రైల్లో చువ్వ మీద చెయ్యి ఆనించి తీసే ఆ కూనిరాగం ఒక్కసారిగా వీధి వెడల్పున పరుచుకుంది. నేను అరుద్దామని నోరు తెరిచాను, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అక్క ఒళ్ళో పళ్ళెం ఉందని నాకు తెలుస్తోంది, మా పక్కన ఐస్‌బండి అతను గంట కొట్టడం మానేశాడని తెలుస్తోంది, గాలికి రంగుకాగితాలు రెపరెపమంటున్నాయని తెలుస్తోంది. నేనెక్కడున్నానో మాత్రం తెలియలేదు. మా అమ్మ ఒళ్ళో ఉన్నాననుకున్నాను కాసేపు. రెండో చరణం ముందు ఆ దిగుడు దగ్గర డ్రమ్ము తమ్ముడే తలొంచేసుకున్నాడు. పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు.

కమిటీ పెద్దాయన గోల వస్తుందేమోనని కాసేపు చెయ్యెత్తి చూసి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, "తరవాత మేళం రావాలి" అన్నాడు. అప్పుడు తెలివొచ్చింది మాకు. అప్పటికే ఇంకో డ్రమ్ము మొదలైపోయింది.

షీల్డు తెనాలివాళ్ళు పట్టుకుపోయారు. మాస్టారి తమ్ముడు మేళాన్ని వ్యానెక్కించుకుని అటునుంచి అటే రేపల్లె వెళ్ళిపోయాడు. ఆ కార్తీకంలో డ్రమ్ములు కూడా వెళ్ళిపోయాయి.

తెనాలి వైపు బండిలో మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. "నోరెండిపోయిందే అమ్మా, ఈల పలకలేదు" అని బాబాయిగారు తనలో తనే గొణుక్కుంటున్నారు. బండి కదిలేముందు మాస్టారు క్లారినెట్ పెట్టె చంకలో పెట్టుకుని ఎక్కారు. ముగ్గురం ఒకేసారి లేచి కిటికీ సీటు చూపించాం. ఆయన కూర్చుని, బయట చీకటి పడబోతున్న చేలని చాలాసేపు చూసి, మెల్లగా అడిగారు.

"ఏమండీ, అంత బాలేదా?"

ఆ పెద్దమనిషికి నిజంగానే తెలియలేదు. జన్మంతా గోల మధ్య వాయించిన మనిషికి నిశ్శబ్దమంటే ఓటమే మరి. నేను సమాధానం చెప్పబోయి ఏడ్చేశాను. అక్కే అందుకుంది.

"బాలేకపోవడమేంటి మాస్టారూ! చప్పట్లు కొట్టాలన్న సంగతే మర్చిపోయాం. పళ్ళెం తెచ్చింది నేను, గరిటె తెచ్చింది నేను, నా చేతులేమైపోయాయో నాకే తెలీదు!" అంటూ కోపంతో ఆ గరిటె తీసి పళ్ళెం మీద ఒక్కటి వేసింది. దాంతో బాబాయిగారికి ఈల వచ్చేసింది. నేను ఏడుస్తూనే అరిచాను. పెట్టెలో వాళ్ళు మాకు పిచ్చిపట్టిందనుకున్నారు.

మాస్టారు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. ఆయన కళ్ళు మెల్లగా తడిశాయి. చెయ్యెత్తి, "ఆపండమ్మా" అన్నారు. "ఇప్పుడొద్దు. ఇందాక పందిట్లో ఉన్నారే, అలా ఉండండి."

పెట్టె తెరిచి క్లారినెట్ తీశారు. ఆ మసకవెలుతురులో పాట మళ్ళీ మొదలైంది. బండి ఊగుతోంది, వరిపైరు వాసన లోపలికొస్తోంది, పల్లీలబ్బాయి బుట్ట దించి నిలబడ్డాడు. స్టేషన్లు వచ్చాయి, పోయాయి. ఆయన పాట చివరికొచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళారు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

తెనాలిలో దిగాక వెనకనుంచి ఒకాయన మాస్టారి దగ్గరికి వచ్చాడు. చేతిలో కూరగాయల సంచి, మొహం నిండా మొహమాటం.

"నేను నిడుబ్రోల్లో దిగాలండి" అన్నాడు. "మీ పాటలో పడి చూసుకోలేదు. మళ్ళీ అటు బండెప్పుడండి?"

మాస్టారు ఆ సంచి అందుకుని బెంచీ మీద పెట్టి, "రండి, కూర్చోండి" అన్నారు. ఎదురు ప్లాట్‌ఫారం మీద మా రేపల్లె బండి కూత వేసి కదిలింది. మాస్టారు తల కూడా తిప్పలేదు, మేమూ ఎక్కలేదు. నిడుబ్రోలు బండి వచ్చేదాకా మాస్టారు ఆయన పక్కనే కూర్చున్నారు.