గంగారాం మామ అద్దంలో ఋతువులు

మొన్న మిరుగు, అంటే మృగశిర కార్తె, మొదటిరోజు దెగ్లూర్ నుంచి ముఖేడ్ పోయే బస్సులో టికెట్లు ఇస్తూ వెనక్కి నడుస్తున్నాను. అప్పుడే జల్లు మొదలై అందరూ కిటికీలు మూసుకున్నారు. చివరి సీట్లో ఒక ముసలమ్మ కొంగు ముడి విప్పి, ఇంగువ కలిపి దంచిన బెల్లం ఉండను మనవరాలి నోట్లో కుక్కుతోంది. ఆ ఘాటు బస్సంతా పాకింది. ముందు సీట్ల కుర్రాళ్ళు ముక్కులు మూసుకుని నవ్వారు. నేను మాత్రం టికెట్ మిషను చేత్తో పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. ఎవరో "కండక్టరమ్మా, నా టికెట్" అని కేకేస్తే గాని కదల్లేదు. వానాకాలపు తొలిరోజున ఆ ఉండను మొదటిసారి నా అరచేతిలో పెట్టినవాడు గంగారాం మామ. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన్ని ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలని అప్పటినుంచి మనసులో ఉంది.

మామ అంటే చుట్టరికం కాదు. దెగ్లూర్ డిపోలో ఊడ్చే అమ్మ దగ్గర్నుంచి మేనేజరు సాయెబు దాకా అందరికీ ఆయన మామే. ఎస్టీ, అంటే అక్కడి సర్కారు బస్సు, డ్రైవరు. బక్కపలచటి మనిషి, ఖాకీ చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు ఉండేది. ఆ ఒంట్లో ఏముందో గాని, ఇరవై ఆరేళ్ళుగా ఒక్క రోజు కూడా జబ్బు సెలవు పెట్టలేదని డిపోలో కథలుగా చెప్పుకునేవారు. నేను మొదట్లో నమ్మలేదు. ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు. చిన్నప్పటినుంచి నాకు ఆయాసం. కాలం మారిందంటే చాలు, పిల్లికూతలు, దగ్గు, జ్వరం, మంచం. పదిహేనేళ్ళ కిందట కండక్టరు ఉద్యోగం వచ్చిన ఏడాదే మిరుగు వానలకు ఒకసారి పడ్డాను, ఆశ్వయుజం ఎండలకు ఇంకోసారి పడ్డాను.

రెండోసారి లేచి డ్యూటీకి వెళ్ళిన రోజు మేనేజరు సాయెబు పిలిచాడు. చెడ్డవాడు కాదు. రిజిస్టరు నా వైపు తిప్పి, మరాఠీలో మెల్లగానే చెప్పాడు: ఇది నీకు పరీక్ష ఏడాది, ఇప్పటికే రెండుసార్లు చాలా రోజులు రాలేదు, మూడోసారి కూడా ఇలాగే అయితే నిన్ను పర్మనెంటు చేయమని నేను రాయలేను. నేను తలూపి బయటికి వచ్చాను. నాకు ఆ ఉద్యోగం ఎందుకు కావాలో ఆయనకు తెలియదు. తెలుగు, మరాఠీ కలిసే సరిహద్దు ఊళ్ళో మాకు ఇల్లు తప్ప సెంటు భూమి లేదు. దసరా పోగానే లారీ వస్తుంది, అమ్మ ఊరివాళ్ళతో కలిసి చెరుకు కొట్టడానికి ఎక్కుతుంది, ఉగాది ముందు దిగుతుంది. ఎక్కేటప్పుడున్న మనిషి దిగేటప్పుడు ఉండదు. అరిచేతులు పగిలి, నడుము వంగి, ఇంకా కొంచెం చిన్నదై వస్తుంది. నా ఉద్యోగం గట్టిపడితే ఆ లారీ ఎక్కనివ్వనని అమ్మకు మాటిచ్చాను. ఆ ఏడాది అప్పటికే ఎక్కి వెళ్ళిపోయింది. మిగిలింది చలికాలం పోయి ఎండాకాలం వచ్చే ఒక్క గండం.

ఆ ఏడాది నా డ్యూటీ మామ బండి మీదే. ఆ రోజు నాందేడ్ బస్టాండులో బండి ఆపాక మామ నా ముఖం చూశాడు. "ఏమైంది బిడ్డా, మొకం గట్ల ఏలాడేసినవ్?" అన్నాడు. చెప్పేశాను. సాయెబు మాటా, అమ్మ మాటా, అంతా. అందరూ ఏ డాక్టరుకు చూపించావు అని అడుగుతారు. ఆయన అది చివర్లో అడిగాడు. ముందు అడిగింది వేరే.

"మిరుగు నాడు ఏం తిన్నవ్? యాదికున్నదా?"

నవ్వొచ్చింది గాని గుర్తు తెచ్చుకున్నాను. తొలివాన కదా అని సంబరంగా తడిసి, ఇంటికి పోయి పొద్దుటి చద్ది రొట్టె పెరుగులో నానేసి తిన్నాను. మరి ఆశ్వయుజంలో? ఎండ మొదలైన రోజే బస్టాండులో ఐసు వేసిన చెరుకు రసం రెండు గ్లాసులు తాగాను.

"నాలుగో గేర్ల ఉరుకుతున్న బండిని ఒక్క దెబ్బకు ఒకటో గేర్లకు గుంజితే ఏమైతది?"

"గేర్ బాక్సు పోతది మామా."

"మరి నీ పానం బండికన్న గట్టిదా? కాలానికీ కాలానికీ నడుమ పద్నాలుగు దినాలు ఉంటయ్ బిడ్డా. పోయే కాలానివి ఏడు, వచ్చే కాలానివి ఏడు. పాత తిండి పావు పావు ఇడ్సాలె, కొత్తది పావు పావు పట్టాలె. తానం గట్లనే, పండుకునుడు గట్లనే. ఆహిస్తా, మెల్లమెల్లగ."

దాన్ని వైద్యులు ఋతుసంధి అంటారని, ఆయుర్వేదంలో అచ్చంగా అలాగే రాసి ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నేను మొదట విన్నది మాత్రం డీజిలు వాసన మధ్య, ఒక డ్రైవరు నోట. ఆయనకెలా తెలుసంటే, వయసులో ఉన్నప్పుడు ఆయనా నాలాంటివాడే. ఊపిరి ఆడక ఒక ఏడాది స్టీరింగుకు దూరమయ్యాడు. మళ్ళీ బండెక్కాక, వారం వారం ముఖేడ్ సంతకు పోయే ఒక ముసలి వైద్యుడు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఒక్కో ముక్క చెప్పుకుంటూ వచ్చాడట. "నాలుగేండ్లు చదివిన, టికెటు ఆయనది, సదువు నాది" అనేవాడు మామ. పుట్టుకతో ఉక్కు శరీరం కాదన్నమాట. ఇరవై ఆరేళ్ళు రోజూ పొద్దున్నే లేచి, గోరువెచ్చని నీళ్ళు తాగి, నువ్వుల నూనె రాసుకుని, ఆకలైనప్పుడే తిని, పొద్దు గూకగానే భోజనం ముగించి కట్టుకున్న శరీరం. అది తెలిశాక ఆయన్ని చూసే నా చూపే మారిపోయింది.

"సరే మామా, కాలం మారిందని ఎట్ల తెలుస్తది? పంచాంగం చూస్తవా?" అని ఒకసారి అడిగాను. తలెత్తి, డ్రైవరు నెత్తిమీది అద్దం చూపించాడు. పొద్దున దెగ్లూర్ నుంచి నాందేడ్ పోయే మా బండికి కుడివైపు సూర్యుడు పొడుస్తాడు. "చలి ఉన్నన్ని దినాలు జనం ఎక్కంగనే ఎండ దిక్కుకు పోతరు. ఏ నాడు నీడ దిక్కు సీట్లు ముందుగాల నిండుతయో, ఆ నాడు చలికాలం మూట కట్టినట్టు. వాళ్ళకు తెల్వది, వాళ్ళ పానానికి తెలుసు. ఇంక బండెక్కే కూరల గంపలు చూడు. శనగాకు బందై చింతచిగురు ఎక్కిందా, సమజైందా?" నేను నమ్మీ నమ్మక తలూపాను. రోజుకు ఎన్నిసార్లు ఆ సీట్ల మధ్య నడుస్తాను, ఎవరు ఏ పక్క కూర్చుంటున్నారో ఎప్పుడైనా చూశానా?

మాఘమాసం సగం దాటాక ఒక పొద్దున, బస్సు ఇంకా డిపో గేటు దాటలేదు. మామ వెనక్కి తిరగలేదు. అద్దంలోకి ఒకసారి చూసి, "బిడ్డా, సురువైంది" అన్నాడు. చూస్తే ఎడమవైపు వరస మొత్తం నిండి ఉంది. కుడివైపు ఎండ పడుతున్న సీట్లలో ఇద్దరే ఉన్నారు. బయట నాకింకా చలిగానే ఉంది, భుజాల మీద శాలువా ఉంది. ఇరవై మంది ఎవరి మానాన వాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఋతువు వచ్చి వాళ్ళను అటు జరిపింది. దాన్ని ఒక మనిషి చిన్న అద్దంలో చదివాడు. గుడిలో కూడా నాకు అలాంటి గౌరవం కలిగింది తక్కువ.

గౌరవం కలిగితే సరిపోదు, బుద్ధి కూడా ఉండాలి. నాకది ఆలస్యంగా వస్తుంది. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న నువ్వుల లడ్లన్నీ పక్కింటి పిల్లలకు పంచేశాను. పొద్దున్నే గ్లాసుడు వేపాకు రసం, మిరియాలు, వెల్లుల్లి, శొంఠి, పసుపు, మధ్యాహ్నం పలచటి పెసర జావ, రాత్రికి ఉపవాసం. టీవీలో చూసినవి కొన్ని, పక్కింటావిడ చెప్పినవి కొన్ని. మూడో రోజుకు నోరంతా పూసింది, కడుపు మండింది, నాయగావ్ దగ్గర కళ్ళు తిరిగి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మామ బండి పక్కకు ఆపి, ఏం తిన్నావో చెప్పమన్నాడు. చెప్పాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "గేరు మార్చుమంటే బండినే బోర్ల ఏసినవ్ గదనే!" అన్నాడు.

నవ్వు ఆగాక మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి చెవులతో పాటు బుద్ధి కూడా పెట్టి విన్నాను. నువ్వులు, పల్లీలు, బెల్లం నాలుగో వంతు తగ్గించు, రెండు మూడు రోజులకొకసారి ఇంకొంచెం తగ్గించు. చలికాలంలో ఒంట్లో గడ్డకట్టిన కఫం ఇప్పుడు ఎండకు కరుగుతుంది, అందుకే దగ్గు. కాబట్టి పెరుగు వద్దు, శొంఠి వేసిన పలచని మజ్జిగ తాగు. జొన్నరొట్టె, పెసరపప్పు, లేత కూరలు తిను. నాందేడ్లో బండి ఆగినప్పుడు రెస్టు రూములో పడుకోకు, బస్టాండు చుట్టూ రెండు చుట్లు నడువు. డబ్బులు ముట్టిన చేతులు కడగకుండా నోటి దగ్గర పెట్టకు. చివరికి అడిగాడు, ఆయాసానికి డాక్టరిచ్చిన పంపు పీలుస్తున్నానా అని. ఇవన్నీ చేస్తున్నాను కదా అని మానేశానన్నాను. అప్పటిదాకా నవ్వుతున్నవాడికి కోపం వచ్చింది. "ఎవడు బందు చెయ్యమన్నడు? నేను చెప్పేది తిండి, ఆయన ఇచ్చింది మందు. రెండూ వేరు. ఇయ్యాల్నే మొదలుపెట్టు." ఆయన అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

అలా నాలుగైదు రోజులు సాఫీగా గడిచాయి. అప్పుడు కొత్త తంటా వచ్చింది. నాందేడ్ రోడ్డు వెడల్పు చేయడానికి తవ్వారు. దుమ్ము ఎలా ఉండేదంటే, దిగేసరికి ప్రయాణికులు ఒకరినొకరు గుర్తుపట్టేవారు కాదు. నా ఛాతీలో మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి. మరుసటి రోజు డిపో బోర్డు మీద చూస్తే నా పేరు ముఖేడ్ రోడ్డు బండికి మారి ఉంది. అటు దుమ్ము లేదు. అయినా నాకు సంతోషం కాలేదు, ఉక్రోషం వచ్చింది. రోగిష్టిదానితో వేగలేక మామే వదిలించుకున్నాడనుకున్నాను. ఎదురైనా పలకరించలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన మాత్రం రోజూ దూరం నుంచే అడిగేవాడు, "ఎన్నో దినం బిడ్డా?" అని. నేను ముభావంగా పదోదని, పదకొండోదని చెప్పి వెళ్ళిపోయేదాన్ని.

పద్నాలుగో రోజూ దాటింది. హోలీ కూడా దాటింది. నేను పడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక కాలం నుంచి ఇంకో కాలంలోకి నా కాళ్ళ మీద నడిచి వెళ్ళడం అదే మొదలు. ఆ మాట చెప్పకుండా ఉండలేక, ఉక్రోషం పక్కన పెట్టి మామ కోసం వెతికాను. బండి దగ్గర లేడు. సాయెబును అడిగితే, మూడు రోజులు జబ్బు సెలవు అన్నాడు. నేను తప్పుగా విన్నాననుకున్నాను. అప్పుడు చెప్పాడాయన. దుమ్ము రోడ్డు మీద రెండో ట్రిప్పుకు ఎవరూ ఒప్పుకోలేదట. మామ తానే పోతానన్నాడట, ఒకే ఒక్క షరతు మీద. నన్ను ముఖేడ్ రోడ్డుకు మార్చాలి. అది నాకు చెప్పకూడదు. వేళకు తిండి లేదు, నడక లేదు, నిద్ర తప్పింది, రోజంతా దుమ్ము. తన పద్నాలుగు రోజులు ఆయన నాకిచ్చేశాడు.

పరుగున ఇంటికి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అత్త కషాయం కాచి ఇస్తోంది. డాక్టరు ఇచ్చిన మాత్రలు పక్కనే ఉన్నాయి. దగ్గుతున్న మామను చూసి ఏడుపు ఆగలేదు. ఆ చైత్రంలోనే ఆయన రిటైరవుతున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క జబ్బు సెలవు కూడా లేని డ్రైవరని డిపోలో పెద్ద సన్మానం చేయాలనుకున్నారు.

"నా మూలంగా నీ రికార్డు పాయె మామా," అన్నాను.

"ఆ రికార్డును ఏం జేసుకుంట బిడ్డా? ఉప్పు ఏసి ఊరబెట్టుకుంటనా?" అన్నాడు దగ్గు మధ్యలో. కాసేపు ఊపిరి తీసుకుని, "మీ అమ్మ ఎన్నడొస్తది?" అని అడిగాడు.

మామ కోలుకున్నాడు. రిటైరైన రోజు మామూలుగా శాలువా కప్పి, కొబ్బరికాయ చేతికిచ్చి పంపారు. ఎండాకాలం చివర్లో నా ఉద్యోగం పర్మనెంటు అయింది. మిరుగు నాడు ఇంగువ బెల్లం ఉండ నా చేతిలో పెట్టింది అప్పుడే. ఆ తర్వాత పన్నెండేళ్ళ పాటు వీలైనప్పుడల్లా వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఆరోగ్యమంటే ఎవరి ఒళ్ళు వాళ్ళు కాపాడుకోవడం అనుకునేదాన్ని. కూడబెట్టుకున్న బలాన్ని అవసరమైన రోజున ఇంకొకరికి తీసి ఇవ్వొచ్చని ఆయన దగ్గరే చూశాను. అంత పెద్ద మనిషిని మళ్ళీ చూడలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన కండక్టరు ఎవరైనా దగ్గితే, నేనూ అడుగుతాను, నిన్న ఏం తిన్నావని. అవసరమైతే డ్యూటీ కూడా మార్చుకుంటాను.

నా ఉద్యోగం పర్మనెంటు అయిన ఏడాది, దసరా వెళ్ళాక లారీ మా ఊరికి వచ్చింది. అమ్మ గడపలో నిలబడి చూసింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, మూటలు విసిరారు, లారీ వెళ్ళిపోయింది. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి, లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చలికాలమంతా చెరుకు తోట గట్ల మీద గడిచింది. నా వైపు చూసి, చిన్నపిల్లలా అడిగింది:

"బిడ్డా, చలికాలంల ఇంటికాడ ఏం వండుకుంటరే?"