బోజాన్ పిలిస్తే వచ్చే పక్షులు

నిజం చెప్పాలంటే ఆ పక్షులంటే నాకెప్పుడూ పడేది కాదు. నెత్తిమీద ఒక్క ఈక ఉండదు. ఎర్రటి వంకర ముక్కు, మెడ చుట్టూ దువ్వెన ఎరగని జుట్టులా నల్లటి ఈకలు. కెలయ్‌నాక్ అంటారు మావాళ్ళు. ఫ్రాత్ నది ఒడ్డున మా ఊళ్ళో పాత ఇళ్ళన్నీ కొండచరియను ఆనుకునే ఉంటాయి. చరియ అంచుల్లో వాటి గూళ్ళు, వాటి కింద మా మిద్దెలు. అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్ల మీద అవి చేసే నిర్వాకం చూసి నేను రాళ్ళు ఏరుకునేదాన్ని. మా అన్నయ్య బోజాన్ వచ్చి ఆ రాళ్ళు లాక్కునేవాడు. అప్పుడు నాకు ఆరేళ్ళు, వాడికి తొమ్మిది.

“అవి హజ్‌కి పోయేవాళ్ళకి మక్కా దారి చూపించే పక్షులే. కొడితే కళ్ళు పోతాయి.”

“దారి చూపించేవాటికి మన దుప్పట్లతో ఏం పని?”

“నీకు బుద్ధి లేదని వాటిక్కూడా తెలిసిపోయింది, అందుకే.”

అమ్మ వచ్చి ఇద్దరికీ చెరొకటి తగిలించేది. తగువు అంతటితో తీరేది, మళ్ళీ దుప్పట్లు ఆరేసేదాకా.

ఫిబ్రవరి సగంలో అవి దక్షిణాన్నుంచి తిరిగొచ్చే రోజు మాకు పండగ. డోలు, సన్నాయి పట్టుకుని ఊరంతా నది ఒడ్డుకు పోయేది. ఆడవాళ్ళు వంకాయ, మాంసం దబ్బనానికి గుచ్చి బొగ్గులమీద కాల్చేవాళ్ళు. ముందు ఎవడో ఒకడు “అదిగో!” అని అరిచేవాడు. చాలాసార్లు అవి కాకులు అయ్యేవి. అందరూ వాణ్ణి తిట్టి మళ్ళీ మెడలు పైకెత్తేవాళ్ళు. ఆ తర్వాత నిజంగానే ఆకాశం చివర నల్లటి గీతలా వచ్చేవి, వందల కొద్దీ. మా మిద్దెల మీద నుంచి వెళ్తుంటే రెక్కల గాలికి తలగుడ్డలు కదిలేవి. వాటిని తిట్టినదాన్నే అయినా, అవి రాని ఊరు ఊరే కాదని నాకు తెలుసు.

తర్వాత మిడతలకని పొలాల్లో మందు చల్లారు. మందు తిన్న మిడతల్ని ఇవి తిన్నాయి. దారిలో ఏ ఊళ్ళో ఎవరు కాల్చారో, ఏ తీగలు తగిలి మాడిపోయాయో, ఏటేటా వెళ్ళినవాటిలో వచ్చేవి తగ్గిపోయాయి. నాకు పెళ్ళయ్యి యాంతెప్ పట్నం వెళ్ళిపోయే నాటికి డోలువాళ్ళు రావడం మానేశారు.

అటవీశాఖవాళ్ళూ, ఎక్కడో దూరదేశపు పక్షుల సంఘంవాళ్ళూ కలిసి ఊరి చివర చరియ కింద ఒక రక్షణ కేంద్రం పెట్టారు. పెద్ద వలల పంజరం, గోడకు కొట్టిన చెక్క గూళ్ళు. మిగిలిన కాసిన్నిటిని అందులో పెంచడం మొదలెట్టారు. కాపలాకి మనిషి కావాలన్నారు. అప్పటికి అన్నయ్యకి ఇరవయ్యారేళ్ళు, పడవ నడుపుకుంటున్నాడు. కేంద్రానికి వెళ్ళి గిన్నె మీద గరిటెతో కొడుతూ “రా రా రా” అని గొంతు సాగదీశాడట. ఆరు పక్షులు వచ్చి కాళ్ళ దగ్గర వాలాయట. ఇంకేం అడగలేదు, ఉద్యోగం ఇచ్చేశారు.

ఆ ఉద్యోగంలో చేరి ముప్పయ్యారేళ్ళు దాటింది. పొద్దున్నే కొవ్వు లేని మాంసం కీమా కొట్టి, కోడిగుడ్లు ఉడకబెట్టి, కేరట్ తురిమి కలిపేవాడు. “మేము పండక్కి కూడా ఇంత మంచి మాంసం ఎరగం” అని మా వదిన సణుగుతూనే కేరట్లు చెక్కు తీసేది. వసంతంలో పంజరం తలుపులు తెరిచి పెట్టేవాడు. పక్షులు పొలాల మీద తిరిగి, చెక్క గూళ్ళలో పిల్లల్ని పెట్టి, అన్నయ్య పిలిస్తే వచ్చి తినేవి. కష్టమంతా జూలైలో వచ్చేది. దక్షిణానికి పోవాలని వాటి ఒంట్లో ఏదో లేచేది. పోయినవి తిరిగి రావు కాబట్టి పోకముందే లోపల వెయ్యాలి. గిన్నె తీసుకెళ్ళి పంజరంలో పెట్టి అన్నయ్య పిలిచేవాడు. అన్నీ లోపలికి వచ్చేవి. తాడు లాగితే తలుపు పడేది. మళ్ళీ ఫిబ్రవరిదాకా అంతే.

తలుపు వేసిన రోజు అన్నయ్య అన్నం ముట్టేవాడు కాదు.

“నన్ను నమ్మి వస్తాయే మెదీనె. అమ్మలా పిలిచి, జైలరులా తలుపేస్తాను” అన్నాడొకసారి.

“ఉద్యోగం అలాంటిది. ఏడవకు, పిలవకుండా ఉంటే చచ్చిపోతాయిగా” అన్నాను.



వదిన పోయిన రెండేళ్ళకి కేంద్రానికి అంకారా నుంచి నిల్గున్ అనే డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, మాట తక్కువ మనిషి. ఆవిడ వచ్చేనాటికి పక్షులు వంద దాటాయి. ఎంతకాలం ఇలా కోళ్ళలా పెంచుతాం, ఐదింటిని వదిలి చూద్దాం, వీపుకి చిన్న యంత్రం కడితే ఎక్కడికి పోయాయో మనకు తెలుస్తుంది అంది. ఆవిడ ఎంచిన ఐదింటిలో నాజ్లీ ఒకటి. గూట్లోంచి పడిపోతే అన్నయ్య చొక్కాలో పెట్టుకుని, పొయ్యి పక్కన కూర్చుని వేలితో తినిపించి బతికించిన పిల్ల అది. పేరుకు తగ్గట్టే గారాలపట్టి. ఆయన భుజమ్మీద తప్ప ఎక్కడా నిదరపోయేది కాదట.

“దాన్ని మాత్రం వద్దమ్మా” అన్నాడు అన్నయ్య.

“అన్నిట్లోకీ బలమైంది అదే బాబాయ్” అంది డాక్టరమ్మ.

ఆ జూలైలో మిగతావన్నీ లోపలికి వెళ్ళాయి. ఐదు బయట ఉండిపోయాయి. ఉండిపోయాయి అంటే కేంద్రం గోడ మీదే ఉండిపోయాయి. పది రోజులైనా కదల్లేదు. వాటి కంటపడకుండా వెనక దారిన వెళ్ళినా, అన్నయ్య దగ్గు వినిపిస్తే చాలు, వచ్చి రేకుల మీద వాలేవి. ఇంకొంత ఆలస్యమైతే వలసకాలం దాటిపోతుందని డాక్టరమ్మకు కంగారు.

నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు.

“నువ్వున్నంత కాలం అవి కదలవు బాబాయ్. రెండు వారాలు మీ చెల్లెలి ఇంటికి వెళ్ళు.”

“అంటే ఊళ్ళోంచి నన్నే వెళ్ళగొడుతున్నారా?”

“వెళ్ళాల్సింది అవి. నువ్వు వెళ్తేనే అవి వెళ్తాయి.”

“వెళ్ళి చస్తే?”

“చావచ్చు. అబద్ధం చెప్పను” అంది డాక్టరమ్మ.

ఆ మాటకే అన్నయ్య లేచాడనుకుంటాను. అవి బతుకుతాయని ఆవిడ బల్లగుద్ది చెప్పుంటే అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

యాంతెప్‌లో మాది నాలుగో అంతస్తు. మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా బాల్కనీకీ గుమ్మానికీ తిరిగాడు. నాలుగో రోజు నేను లేచేసరికి వంటింట్లో గుడ్లు ఉడుకుతున్నాయి, కేరట్ తురిమి గుట్ట పోసి ఉంది, నేను సాయంత్రానికి దాచుకున్న కీమా గిన్నెలో కలిసిపోయింది.

“ఎవరికిది?” అని అరిచాను.

గిన్నె వైపు చూసి తనే తెల్లబోయాడు. “అలవాటు” అన్నాడు. తర్వాత కూర్చుని రొట్టెతో ఆ గిన్నెడూ తనే తినేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తొమ్మిదో రోజున ఇక ఆగలేకపోయాడు. “దూరం నుంచి ఒక్కసారి చూసొస్తాను. నోరు విప్పను” అన్నాడు. ఆ మాట నేను నమ్మలేదు, వెంట వెళ్ళాను. ఊరి బయటే వ్యాను దిగి, కేంద్రం పైనున్న పిస్తా తోటల గట్టు ఎక్కాం. పది గంటల ఎండ. కిందికి చూస్తే గోడ ఖాళీ. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు కనిపించాయి. నది మీద వేడిగాలిలో చుట్టలు చుట్టలుగా పైకి లేస్తున్నాయి, ఐదూ. అలా లేచి మా గట్టు మీదికే వచ్చాయి. ఒకటి తల ఇటూ అటూ తిప్పుతూ కిందికి దిగింది. దాని వీపు మీద యంత్రం తీగ కూడా కనబడుతోంది. నాజ్లీ. దేనికోసమో వెతుకుతోంది. అన్నయ్య కోసమే.

అన్నయ్య నోరు తెరిచాడు. ఒక్కసారి “రా” అంటే చాలు, ఐదూ దిగుతాయి. పంజరంలోకి వెళ్ళి హాయిగా బతుకుతాయి. దుప్పట్ల కోసం వాటిని రాళ్ళతో కొట్టబోయినదాన్ని, ఆ క్షణాన నేనే గొణిగాను. “పిలిచెయ్ అన్నయ్యా. ఎవరికీ చెప్పను. పిలిచెయ్.”

ఆయన నన్ను భుజం పట్టి పిస్తా చెట్టు కిందికి లాగాడు. “వంగు. వంగవే, చూస్తుంది!” అని, తలగుడ్డ కొస నోట్లో కుక్కుకున్నాడు. అరవైకి అటూ ఇటూ ఉన్న ఇద్దరం దొంగతనానికొచ్చిన వాళ్ళలా చెట్టు మొదట్లో నక్కి కూర్చున్నాం. నాజ్లీ నీడ రెండుసార్లు మా మీదుగా పోయింది. మూడోసారి రాలేదు. లేచి చూసేసరికి ఐదూ దక్షిణాన చుక్కలైపోయాయి.

ఆ శరదృతువులోనే నాలుగింటి కబురు తెలిసింది. రెండు కరెంటు తీగల మీద, ఒకటి ఎవరి తుపాకీకో. ఇంకొకటి ఎడారిలో ఒకచోట ఆగింది, మళ్ళీ కదల్లేదు. నాజ్లీ ఒక్కటే ఎర్రసముద్రం దాటి అవతలి కొండల్లోకి పోయింది. అన్నయ్య రోజూ పొద్దున్నే డాక్టరమ్మ గది ముందు నిలబడేవాడట. జనవరిలో ఒకరోజు యంత్రం కబురు చూపించే తెర మీద దాని చుక్క కూడా ఆరిపోయింది.

“యంత్రం పోయుండొచ్చు బాబాయ్” అందట ఆవిడ.

“పక్షి కూడా పోయుండొచ్చుగా” అన్నాడట ఈయన.

టీ కొట్టు దగ్గర జనం ఊరుకుంటారా? పెంచినవాడే పంపించి చంపాడన్నారు. అన్నయ్య టీ కొట్టుకి వెళ్ళడమే మానేశాడు. ఆ ఫిబ్రవరి అంతా నది ఒడ్డున నిలబడ్డాడు. ఏమీ రాలేదు. జూలైలో డాక్టరమ్మ మళ్ళీ అడిగితే ఒక్కదాన్నీ వదలనన్నాడు. అన్నిటినీ పిలిచి తలుపేశాడు. నేను ఫోన్ చేస్తే, “నువ్వు పిలవమన్నావు, నేను పిలవలేదు. నీకున్న పాటి బుద్ధి నాకు లేకపోయింది” అన్నాడు. తిట్టినా బాగుండేది. నాతో జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాడు, దానికి నేను రెండు రోజులు ఏడ్చాను.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో వదిన సంవత్సరీకం దువా చదివించడానికి నేను ఊరు వెళ్ళాను. మధ్యాహ్నం, అందరం పళ్ళాల ముందు కూర్చున్నాం. పాత ఇళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళ కేకలు. పరుగెత్తాం. మా పుట్టింటి మిద్దెకి సరిగ్గా పైన, ముప్పై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న చరియ అంచు మీద, ఒక బట్టతల పక్షి నిలబడి ఉంది. వీపు మీద యంత్రం లేదు. కాలికి కేంద్రంవాళ్ళు తొడిగిన తెల్లటి ఉంగరం ఉంది. డాక్టరమ్మ దుర్భిణి కళ్ళకు ఆనించి నంబరు చదివింది.

“నాజ్లీ” అంది.

అన్నయ్య అప్పటికే కేంద్రానికి పోయి గిన్నె తెచ్చాడు. సందులో నిలబడి గరిటెతో కొట్టి, ముప్పయ్యారేళ్ళుగా పిలిచినట్టే పిలిచాడు. అది తల తిప్పి చూసింది. మళ్ళీ పిలిచాడు. అది అటు తిరిగి రెక్క కింద ముక్కుతో దువ్వుకోవడం మొదలెట్టింది. మూడోసారి గొంతు చించుకుని పిలిచాడు. కాసేపు నిలబడి, ఎగిరి నది దాటి పొలాల్లోకి పోయి వాలింది. మట్టిలో ముక్కు గుచ్చి సొంతంగా వెతుక్కుంటోంది.

“అయ్యో, నిన్ను మరిచిపోయింది బోజాన్!” అంది పక్కింటావిడ జాలిగా.

అన్నయ్య అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడనుకుని నేను భుజమ్మీద చెయ్యి వేశాను. తల ఎత్తితే మొహమంతా నవ్వు, కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

“మరిచిపోయిందే మెదీనె! చూశావా? పూర్తిగా మరిచిపోయింది!”

ఆ మాటే వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, ఇంట్లో పిల్లకి పెళ్ళి కుదిరినట్టు.

ఆ జూలైలో డాక్టరమ్మ అడక్కముందే వదలడానికి పన్నెండు పక్షుల ఉంగరాల నంబర్లు కాగితం మీద రాసి ఆవిడ బల్ల మీద పెట్టాడట. రెండు రోజుల తర్వాత మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే అన్నయ్య. చేతిలో బట్టల సంచీ, నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు.

“రెండు వారాలు ఉంటానే” అన్నాడు. “నన్ను ఊరికి పోనివ్వకు.”